జీబీఏలో ఫ్లాష్ ఆట: వేగం ఎక్కగానే చెయ్యి తప్పుతోంది, ఆడినవాళ్ళెవరైనా ఉన్నారా?

లంకబుల్లోడు (రాజోలు వైపు) | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండి. 2022 జూలై వరదప్పుడు మా లంకలో సామానంతా అటకెక్కించాం. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిందన్నాక ఇక్కడ ఎవరూ ఏదీ కింద ఉంచరు. నీళ్ళు తీశాక సగం దించాం, సగం పైనే ఉండిపోయింది. మొన్న తాడు కోసం అటకెక్కితే ఓ బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీద్దును కదా, లోపల నా చిన్నప్పటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ, అదే జీబీఏ, చేతిలో పట్టుకుని ఆడే మిషన్! వెండి రంగుది, పుస్తకంలా మడతపడేది. 2007లో మా పిన్ని కువైట్ నుంచి సెలవుకొచ్చినప్పుడు తెచ్చింది. దాంతోపాటు మూడు క్యాసెట్లు. ఒకటి జస్టిస్ లీగ్ హీరోస్: ది ఫ్లాష్, మెరుపులా పరిగెత్తే హీరో ఆట.

బ్యాటరీ ఎప్పుడో పోయింది. కొత్తది తెప్పించి వేస్తే వెలిగింది. మా ఆవిడ "ఇల్లంతా బూజు, నీకు బొమ్మలాట" అంది గానీ, మా తొమ్మిదేళ్ళ వాడు మాత్రం అప్పట్నించీ నా పక్కనుంచి లేవట్లేదు.

అసలు సంగతికొస్తాను. మామూలుగా నడిచి గుద్దుకుంటూ పోతుంటే బాగానే ఉంది. వేగం ఎక్కించి, ఒకణ్ణి కొట్టగానే పక్కవాడి వైపు బాణం నొక్కి దూకాలి కదా, అక్కడ తేడా కొడుతోంది. ఎడమవైపు దూకమంటే దూకుతాడు. కుడివైపంటే ఒక్కోసారి దూకుతాడు, ఒక్కోసారి మా ఊరి బస్టాండులో బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడిపోతాడు. ఈలోగా రోబోట్లు చుట్టూ మూగి చితకబాదేస్తున్నాయి. చిన్నప్పుడు ఇదే ఆట చెమట పట్టకుండా ఆడినట్టు గుర్తు. నాకు వయసైపోయిందా, ఆటే అంతా? ఆడినవాళ్ళుంటే చెప్పండి.

చెరువుగట్టు (ఉండి) | శనివారం, రాత్రి 11:47

ఆయ్, నేనున్నానండి. నాది డీఎస్ లైట్, జీబీఏ తర్వాత వచ్చిన మిషన్. కింద గాడిలో జీబీఏ క్యాసెట్లు పడతాయి కదా, దాంట్లో ఆడతాను. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా నాది. తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది కాబట్టి ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి, నిద్రపోతే కుదరదు. ఫోన్ చూస్తే పావుగంటలో కళ్ళు మూతలు పడతాయి. దీనికి పడవు.

ఈ ఆటలో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుందండి. వేగం ఉంది కదా అని మొదట్నించీ వాడేస్తారు. వాడేకొద్దీ పైన మీటరు కరిగిపోద్ది. అది కరిగాక మన ఫ్లాషు కూడా అందరిలాంటి మనిషే. నేనైతే ముందు మామూలుగా వెనక్కి వెనక్కి నడుస్తాను. వాళ్ళు నా వెంటపడి ఒక వరసలోకి వస్తారు. అప్పుడు వేగం ఎక్కించి ఒకణ్ణుంచి ఒకడికి, ఒకణ్ణుంచి ఒకడికి. నలుగురు పడ్డాక దించేస్తాను. వల ముందే ఇసిరేస్తే చేప దొరకదు కదండి.

ఇంకోటి. మూత మూసేస్తే ఆట నిద్రపోద్దనుకునేరు. జీబీఏ ఆటలకి అది లేదు, లోపల నడుస్తానే ఉంటది. కరెంటు పోయి జనరేటర్ కోసం పరిగెత్తినప్పుడల్లా స్టార్ట్ నొక్కి ఆపి వెళ్ళాలి. ఈ సంగతి తెలిసేలోపు నేను ఎన్నిసార్లు చచ్చానో.

కాకినాడ_కాజా | శనివారం, రాత్రి 11:58

బాసూ, అంత తిప్పలెందుకు? ఫోన్లో ఎమ్యులేటర్, అంటే ఆ ఆటలు ఫోన్లోనే ఆడించే యాప్, ఎక్కించుకో. ఆరంగుళాల స్క్రీను, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్. 2007 నాటి డబ్బా పట్టుకుని కళ్ళు పోగొట్టుకోవడం దేనికి?

లంకబుల్లోడు (రాజోలు వైపు) | ఆదివారం, ఉదయం 7:05

చెరువుగట్టు గారూ, వెనక్కి నడిచి వరసలో పెట్టే చిట్కా బాగా పనిచేసిందండి, థాంక్సు. ఎడమవైపు వరస పెడితే నలుగుర్నీ లేపేశాను. కుడివైపు పెడితే మళ్ళీ మామూలే.

కాజా గారూ, ఫోన్లో వేళ్ళ కింద బటన్ ఉందో లేదో తెలీదండి నాకు. పైగా మావాడికి ఫోన్ ఇవ్వకూడదనే కదా ఇది తీసింది.

లెక్కల_మాస్టారు (అమలాపురం) | ఆదివారం, ఉదయం 8:30

నేను ఈ ఆట ఆడలేదు, మా అబ్బాయి ఆడుతుంటే వెనక కూర్చుని చూశాను. అయినా ఒక మాట చెప్పాలని ఉంది, అసందర్భమైతే మన్నించండి.

జీబీఏ తెర అడ్డంగా 240 చుక్కలు, నిలువుగా 160. సెకనుకి దాదాపు 60 బొమ్మలు గీస్తుంది. మన వీరుడు తెర మధ్యలో ఉన్నాడనుకుందాం. ముందు 120 చుక్కల మేర మాత్రమే కనిపిస్తుంది. బొమ్మకి 8 చుక్కల చొప్పున పరిగెత్తించారనుకోండి, 15 బొమ్మల్లో ఆ మేర అయిపోతుంది. అంటే పావు సెకను. కంటికి కనపడింది బుర్రకెక్కి వేలు కదలడానికి మామూలు మనిషికి పట్టేది కూడా ఇంచుమించు అంతే. అడ్డంకి కనపడేసరికే దాన్ని గుద్దేసి ఉంటాం! 8 చుక్కలంటే ఫ్లాష్ స్థాయికి వేగమే కాదు, మా కోనసీమ రోడ్డు మీద ఆటో వేగం.

కాబట్టి నిజంగా పరిగెత్తిస్తే ఆ చిన్న తెర మీద ఆట ఆడలేం. మరి వీళ్ళేం చేశారు? మా అబ్బాయి ఆడుతుంటే అర్థమైంది. మనవాడి వేగం పెంచినట్టే కనపడుతుంది గానీ, పెంచింది తక్కువ. చుట్టూ ఉన్నవాళ్ళని నెమ్మది చేశారు. ఎదుటివాడు గుద్దడానికి చెయ్యెత్తి అలా గాల్లో ఉంచేస్తాడు, మనం తాపీగా వెళ్ళి నాలుగు పీకి వస్తాం. వేగం అనేది పోలిక తప్ప ఇంకోటి కాదని ఇంటర్ పిల్లలకి రైలు కిటికీ ఉదాహరణతో ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ ఆట చేసినవాళ్ళు అదే పాఠం చెప్పారు, పిల్లలు నాకంటే వాళ్ళదే శ్రద్ధగా వింటున్నారు.

అర_సెకను (భీమవరం) | ఆదివారం, ఉదయం 9:14

మాస్టారూ మీరు కరెక్ట్. సోనిక్ అడ్వాన్స్ 2లో నాకు ఇదే జరిగేది. అది నిజంగానే పరిగెత్తిస్తుంది. కుడి బాణం పట్టుకుని గాల్లో తేలిపోతుంటాం, ఎక్కడో గుంట ఉంటుంది, కనపడేలోపు లోపల. మొత్తం స్టేజీ కంఠస్తం అయితే తప్ప ఆడలేం. మూడో రోజుకి కళ్ళు మూసుకుని ఆడినట్టే, చూసేదేం లేదు. ఫ్లాష్‌లో అలా కాదు, ప్రతిసారీ చూసి ఆడాలి.

పాలకొల్లు_పిల్ల (ప్రస్తుతం హైదరాబాద్) | ఆదివారం, ఉదయం 11:20

ఇంతమంది ఫ్లాష్ అభిమానులు మన గోదారి జిల్లాల్లో ఉన్నారని తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ని!

ఒక చిక్కుముడి విప్పేస్తాను, తర్వాత వచ్చేవాళ్ళు తికమక పడకుండా. జస్టిస్ లీగ్ హీరోస్ అని ఉత్తినే ఉంటే అది వేరే ఆట. పీఎస్2, ఎక్స్‌బాక్స్‌లకి స్నోబ్లైండ్ వాళ్ళు చేసింది, అందులో హీరోలందరూ ఉంటారు. జీబీఏ వాళ్ళకి మాత్రం ది ఫ్లాష్ అని తోక తగిలించి, అతన్నే కథానాయకుణ్ణి చేసి, వేఫార్వర్డ్ వాళ్ళు విడిగా తయారుచేశారు. రెండూ 2006వే. మామూలుగా అప్పట్లో పెద్ద ఆటకి చిన్న మిషన్ మీద వచ్చే ముక్కలు ఏదో తూతూమంత్రంగా ఉండేవి. ఇది అలా కాదు. వేఫార్వర్డ్ అంటే షాంటే చేసినవాళ్ళు, తర్వాత ఏడాది డీఎస్ మీద కాంట్రా 4 చేసినవాళ్ళు. బొమ్మల కదలిక మీద వాళ్ళకుండే పట్టు ఇందులోనూ కనిపిస్తుంది. ఫ్లాష్ ఊరికే నిలబడ్డప్పుడు కూడా చూడండి, స్థిమితంగా ఉండడు.

ఫ్లాష్ ఎవరో తెలియనివాళ్ళ కోసం: కామిక్స్‌లో మొదటి ఫ్లాష్ 1940లో వచ్చాడు, జే గారిక్. తల మీద రెక్కల హెల్మెట్ ఉంటుంది. మనకి బాగా తెలిసిన ఎర్ర డ్రెస్సు బారీ ఆలెన్ 1956లో వచ్చాడు. పోలీసు ల్యాబులో ఉద్యోగి. పిడుగు పడి, రసాయనాలు మీద ఒలికి, ఆ వేగం వస్తుంది.

లంకబుల్లోడు గారూ, మీ క్యాసెట్ అసలుదేనా? గల్ఫ్ నుంచి వచ్చిన వాటిల్లో నకిలీలు బోలెడు. బంగారు రంగు పళ్ళు కనిపించే చోట టార్చి వేసి చూడండి. అసలుదైతే ఆ పళ్ళకి కొంచెం పైన, లోపలి బోర్డు మీద నింటెండో అని ముద్ర ఉంటుంది. నా దగ్గరున్న ఒక నకిలీ క్యాసెట్‌లో సేవ్ కోసం పెట్టిన చిన్న బ్యాటరీ చచ్చిపోయి, పదో తరగతి సెలవులన్నీ కూర్చుని ఆడిన ఆట ఒక్క రోజులో మాయం. ఆ రోజు అన్నం తినలేదంటే మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

కాకినాడ_కాజా | ఆదివారం, మధ్యాహ్నం 12:02

నేను చెప్పిందీ అదే కదా అక్కా. ఫోన్లో బ్యాటరీ చచ్చే గొడవే లేదు. లింకు పెట్టమంటే పెడతా.

నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

లింకులు వద్దు. ఎమ్యులేటర్ గురించి మాట్లాడుకోవచ్చు, ఆటల ఫైళ్ళ లంకెలు ఇక్కడ పెట్టకూడదు. నియమాల్లో మూడోది చదవండి.

కాకినాడ_కాజా | ఆదివారం, మధ్యాహ్నం 12:11

పెట్టలేదు గురూగారూ, పెడతానన్నా అంతే. 🙏

లంకబుల్లోడు (రాజోలు వైపు) | ఆదివారం, సాయంత్రం 6:48

టార్చి వేసి చూశానండి, ముద్ర ఉంది. అసలుదే. మా పిన్నికి ఫోన్ చేసి చెబితే "అప్పుడు నాకు ఇచ్చే జీతంలో అదెంతో తెలుసా" అని మొదలెట్టింది. ఆ లెక్క ఆవిడ ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. విన్నాక కాసేపు మిషన్ పక్కన పెట్టేశాను.

ఇవాళ నర్సాపురంలో పనుండి మావాణ్ణి కూడా తీసుకెళ్ళాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం. గోదారి మీద ఎండ తళతళా మెరుస్తుంటే వాడు ఎస్పీ తెరిచి కూర్చున్నాడు. ఏమీ కనపడదు! నాది లైటు ముందునుంచి పడే పాత రకం అనుకుంటా, తెరంతా తెల్లగా వాడి మొహమే కనిపిస్తోంది. వాడు ఊరుకుంటాడా, నా కండువా లాక్కుని నెత్తి మీద గుడారం వేసుకుని లోపల దూరిపోయాడు. మోటార్‌సైకిళ్ళూ, కొబ్బరికాయల బస్తాలూ, ఆ మధ్యలో ఓ కండువా గుడారం. లోపల్నుంచి "నాన్నా కుడికి వెళ్ళట్లేదు, నాన్నా కుడికి వెళ్ళట్లేదు" అని ఒకటే గోల. పక్కనున్న పెద్దాయన "ఎటెళ్ళాలి బాబూ, ఇది నర్సాపురమే ఎల్తది" అన్నాడు.

అంటే నా వయసు గొడవ కాదన్నమాట. వాడికీ కుడివైపే తప్పుతోంది.

చెరువుగట్టు (ఉండి) | ఆదివారం, రాత్రి 10:35

హహ్హహ్హ. ఆ పెద్దాయనకి నా నమస్కారాలండి.

కుడికి మాత్రమే అంటే అది మీ చేతివాటం కాదేమో చూడండి మరి.

అర_సెకను (భీమవరం) | ఆదివారం, రాత్రి 10:50

నాకు మాత్రం ఆటలోనే తేడా అనిపిస్తోంది. ఇలాంటి ఆటల్లో దూకే దూరానికి హద్దు ఉంటుంది. కుడివైపు వాడు దూరంగా ఉంటే దూకడు. ఒకసారి దగ్గరగా ఉన్నప్పుడు చూడండి.

లంకబుల్లోడు (రాజోలు వైపు) | ఆదివారం, రాత్రి 11:03

ముక్కు మీద ముక్కు పెట్టి ఉన్నా దూకట్లేదండి.

రెండో_బ్యాటరీ (ముమ్మిడివరం) | సోమవారం, ఉదయం 6:15

నేను పాతికేళ్ళు టీవీలు, రేడియోలు బాగుచేశాను. ఇప్పుడు సెల్ ఫోన్లు. మీరు రాసింది మొదటిసారి చదివినప్పుడే అనుమానం వచ్చింది, పంటు కథ విన్నాక ఖాయమైంది. మీ ఆటకి రోగం లేదు. కుడి బాణానికి ఉంది.

మామూలు ఆటలో కుడి బాణం ఎలా వాడతాం? నొక్కి పట్టుకుంటాం. బొటనవేలు రెండు మూడు సెకన్లు దాని మీదే ఉంటుంది. మొదట తగలకపోయినా కాస్త గట్టిగా నొక్కేసరికి తగులుతుంది, మనకి తెలీను కూడా తెలీదు. మీ ఫ్లాష్ ఆటలో అలా కాదు. టక్కున తట్టి వదిలేస్తారు. ఆ తట్టు సెకనులో పదో వంతు కూడా ఉండదు. ఆ పాటి తేలిక దెబ్బకి లోపల తగలాల్సింది తగలకపోతే, నొక్కలేదనే మిషన్ అనుకుంటుంది. నెమ్మది ఆటల్లో దాక్కున్న రోగం వేగం ఆటలో బయటపడింది.

పరీక్ష చెప్తాను. మీ దగ్గర పేరు రాసుకునే ఆట ఏదైనా ఉందా, అక్షరాల పట్టీ వచ్చేది? అందులోకెళ్ళి కుడి బాణం ఇరవైసార్లు తేలిగ్గా తట్టండి, గట్టిగా వద్దు. గుర్తు ఎన్ని అక్షరాలు కదిలిందో లెక్కపెట్టండి. ఎడమకి కూడా అలాగే. వచ్చి చెప్పండి.

లంకబుల్లోడు (రాజోలు వైపు) | సోమవారం, ఉదయం 7:40

బడికెళ్ళే ముందు మావాడూ నేనూ కూర్చుని లెక్కపెట్టామండి. వాడు తట్టాడు, నేను లెక్క. ఎడమకి ఇరవైకి ఇరవై. కుడికి ఇరవైకి పదమూడు! మళ్ళీ చేశాం, పన్నెండు. గట్టిగా నొక్కితే మాత్రం ఇరవై వస్తోంది.

మీకు దండం పెట్టాలి మాస్టారూ. ఇప్పుడేం చెయ్యమంటారు?

లెక్కల_మాస్టారు (అమలాపురం) | సోమవారం, ఉదయం 8:02

ఆయన మెకానిక్ అండి, మాస్టార్ని నేను. 🙂 కానీ ఈ పరీక్ష ముందు నా పావు సెకను లెక్క చిన్నబోయింది. నేను కంటి వైపు నుంచే ఆలోచించాను, వేలి కింద ఏముందో చూడలేదు.

కాకినాడ_కాజా | సోమవారం, ఉదయం 8:20

ఇసుక కాగితం పెట్టి లోపల రెండు రుద్దులు రుద్దితే అయిపోద్ది. మా ఫ్రెండు టీవీ రిమోట్‌కి అలాగే చేశాడు.

రెండో_బ్యాటరీ (ముమ్మిడివరం) | సోమవారం, మధ్యాహ్నం 1:30

అయ్యా కాజా బాబూ, ఆ మాట ఇంకెక్కడా అనకు. మీ ఫ్రెండు రిమోటు ఇప్పుడు పనిచేస్తోందా, అది చెప్పు ముందు.

ప్లస్ బటన్ కింద మెత్తటి రబ్బరు ముక్క ఉంటుంది. దాని అడుగున నల్లటి చిన్న బిళ్ళలు, ఒక్కో దిక్కుకి ఒకటి. కింద బోర్డు మీద దువ్వెన పళ్ళలా ఒకదాంట్లో ఒకటి దూరిన రెండు గీతలుంటాయి, కానీ తగలవు. బటన్ నొక్కితే నల్లబిళ్ళ వచ్చి ఆ రెండు గీతల్నీ కలుపుతుంది. అంతే యంత్రం. మధ్యలో జిడ్డో దుమ్మో చేరితే తేలిక నొక్కుడికి కలవదు, గట్టి నొక్కుడికి కలుస్తుంది. ఇసుక కాగితం పెడితే ఆ నల్లపూత పోతుంది. తర్వాత ఎంత గట్టిగా నొక్కినా కలవదు.

మన కోనసీమలో సముద్రపు గాలికి ఉప్పు, పైగా ఏడాదిలో సగం రోజులు తేమ. ఇనపగేట్లే తినేస్తుంది, ఇదెంత! మీ మిషన్ ఇన్నేళ్ళు బిస్కెట్ల డబ్బాలో ఉండబట్టి బతికింది.

ఎస్పీ వెనక స్క్రూలు మామూలువి కావు. మూడు రెక్కలుంటాయి, వాటికి వేరే స్క్రూడ్రైవర్. చాకు మొనతో తిప్పితే తల అరిగిపోయి జన్మలో ఊడదు. ఇంట్లో లేకపోతే సెల్ రిపేరు కొట్టులో ఉంటుంది. ముందు బ్యాటరీ తీసెయ్యండి. వెనక మూత లేపేటప్పుడు పైన భుజం బటన్ల దగ్గర సన్నటి స్ప్రింగులుంటాయి, ఎగిరి మంచం కిందకి పోతాయి. పళ్ళెంలో పెట్టుకుని విప్పండి. తెర వైపు మడత జోలికి వెళ్ళొద్దు, అక్కడి రిబ్బను తెగితే నా వల్ల కూడా కాదు.

బోర్డు మీద గీతల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూది పుల్ల ముంచి తుడవండి. 99 శాతందైతే మంచిది. కరోనా నాటి శానిటైజర్ మిగిలిందని అది వాడేరు! అందులో గ్లిజరిన్ కలుపుతారు, జిడ్డు పోయి కొత్త జిడ్డు వస్తుంది. నల్లబిళ్ళల్ని రుద్దకూడదు, ఊరికే అద్దినట్టు తుడిచి ఆరనివ్వాలి.

పాలకొల్లు_పిల్ల (ప్రస్తుతం హైదరాబాద్) | సోమవారం, రాత్రి 8:44

రెండో_బ్యాటరీ గారూ, ఎంత బాగా చెప్పారండీ. క్యాసెట్ పళ్ళకి కూడా ఇదే వైద్యం కదా? మేం చిన్నప్పుడు నోటితో ఉఫ్ అని ఊదేవాళ్ళం.

రెండో_బ్యాటరీ (ముమ్మిడివరం) | సోమవారం, రాత్రి 9:10

అదే వైద్యమమ్మా. ఊదితే నోటి తడి వెళ్ళి పళ్ళ మీద కూర్చుంటుంది. అప్పుడు పనిచేసింది ఊదినందుక్కాదు, తీసి మళ్ళీ పెట్టినందుకు.

అర_సెకను (భీమవరం) | సోమవారం, రాత్రి 9:25

నా బాల్యం మొత్తం అబద్ధమా ఇప్పుడు.

చెరువుగట్టు (ఉండి) | మంగళవారం, రాత్రి 1:52

నిద్ర రాక రాస్తున్నా, ఏరియేటర్లు తిరుగుతున్నాయి. మాస్టారు చెప్పింది ఇవాళ గమనించి ఆడానండి. నిజవే. వేగం ఎక్కినప్పుడు ఎదుటోడు గుద్దు ఎత్తి ఉంచేస్తాడు. ఆ గుద్దు కింద నుంచి దూరి వెనక్కెళ్ళి కొట్టి వచ్చినా వాడి చెయ్యి ఇంకా దిగదు. ఇన్నాళ్ళుగా ఆడుతూ నేను వేగంగా ఉన్నాననుకున్నాను గానీ వాళ్ళు నెమ్మదయ్యారని తట్టలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోను. పోలిక తప్ప ఇంకోటి కాదన్నారు కదా. మరి బొటనవేలు? వేగంలో ఉన్నప్పుడు ఎవడు దగ్గర, ఎవడు దూరం, ఎవడి చేతిలో ఏముంది అని ముందే అనుకుని వరసగా తట్టాలి. ఎడమ, ఎడమ, పైకి, కుడి. తబలా దరువులా వస్తది అది. ఆ దరువు తప్పకుండా పడ్డప్పుడు ఒంట్లో ఒక ఊపు వస్తది చూడండి, అది పోలిక కాదు. అది నా వేగమే.

ఇంకా సూపర్‌మ్యాన్‌నీ బ్యాట్‌మ్యాన్‌నీ సాయానికి పిలవచ్చు గానీ నేను పిలవను. పిలిస్తే వాళ్ళొచ్చి కొడతారు, మనం చూస్తాం. చెరువు మీద కాపలాకి నేనున్నది చూడ్డానికా.

లెక్కల_మాస్టారు (అమలాపురం) | మంగళవారం, ఉదయం 6:00

ఒప్పుకుంటున్నానండి. దరువు మాట బాగుంది. మా జగ్గన్నతోట తీర్థంలో కౌశిక ఏరు దాటించేటప్పుడు ప్రభ (దేవుడి ఎత్తైన వెదురు మండపం) మోసేవాళ్ళు కూడా వేగంగా వెళ్ళరు. కానీ ఆ అడుగులు పడే తీరు చూస్తుంటే గుండె పరిగెడుతుంది. సరే, నేను ఆట నేర్చుకుంటాను.

లంకబుల్లోడు (రాజోలు వైపు) | బుధవారం, రాత్రి 9:30

విప్పాం!!

అమలాపురం వెళ్ళి గడియారస్తంభం దగ్గర సెల్ రిపేరు కుర్రాణ్ణి అడిగితే మూడు రెక్కల స్క్రూడ్రైవర్ ఓ పూటకి ఇచ్చాడు, డబ్బులొద్దన్నాడు. రెండో_బ్యాటరీ గారు చెప్పినట్టే స్టీలు పళ్ళెంలో పెట్టి విప్పాం. అయినా ఒక స్ప్రింగు ఎగిరింది, మా ఆవిడ చీర కుచ్చిళ్ళలో దొరికింది.

రబ్బరు ముక్క లేపి చూద్దుం కదా, ఎడమ బిళ్ళ నల్లగా నిగనిగలాడుతోంది. కుడి బిళ్ళ చుట్టూ మాత్రం తెల్లగా, చిట్టుకట్టినట్టు ఓ వలయం. గోటితో గీకితే పొడి. మావాడు వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుని "తియ్యగా ఉంది నాన్నా" అన్నాడు. వద్దనేలోపే!

పూతరేకులండి. ఆత్రేయపురం పూతరేకుల పంచదార పొడి. ప్లస్ బటన్ సందులోంచి జారి, తేమకి కరిగి, మళ్ళీ గట్టిపడి ఉంటుంది. మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ అవే. ఆ పొడి ఈ మధ్య వాడు రాల్చిందో, 2007లో నేను రాల్చిందో తేల్చుకోలేక తండ్రీకొడుకులం కాసేపు వాదించుకున్నాం. వాడు తిన్నప్పుడు చెయ్యి కడుక్కుంటాడట. మరి నేను?

తుడిచి, ఆరబెట్టి, బిగించి పరీక్ష పెట్టాం. కుడికి ఇరవైకి ఇరవై. మళ్ళీ ఇరవైకి ఇరవై.

పాలకొల్లు_పిల్ల (ప్రస్తుతం హైదరాబాద్) | బుధవారం, రాత్రి 9:41

పూతరేకు చదివి ఆఫీసు క్యాబులో గట్టిగా నవ్వాను, డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

రెండో_బ్యాటరీ (ముమ్మిడివరం) | బుధవారం, రాత్రి 10:05

ఉప్పనుకున్నాను, పంచదార అయింది. నలభై మిషన్లు విప్పాను గానీ ఇది కొత్త. పంచదారకి ఆల్కహాల్ సరిగా పనిచెయ్యదు, అది నీళ్ళకే కరుగుతుంది. మళ్ళీ మొరాయిస్తే పుల్లకి చుక్క నీళ్ళు అద్ది తుడిచి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవండి. పూర్తిగా ఆరాకే బ్యాటరీ పెట్టండి.

చెరువుగట్టు (ఉండి) | బుధవారం, రాత్రి 11:30

అదంతా సరేనండి, రోబోట్ల దగ్గర ఏమైంది?

లంకబుల్లోడు (రాజోలు వైపు) | గురువారం, ఉదయం 7:20

అదే చెప్తున్నాను. రాత్రి మావాడు ముందు కూర్చున్నాడు. వెనక్కి నడిచి వరస పెట్టాడు, మీ చిట్కానే. వేగం ఎక్కించాడు. ఎడమ, కుడి, కుడి, పైకి, కుడి. ఐదుగురూ ఐపోయారు, మీటర్లో ఇంకా మిగిలింది. నేను నాలుగు రోజులు దేకిన చోటు. వాడు నా వంక చూడను కూడా చూడలేదు, తర్వాత స్టేజీకి వెళ్ళిపోయాడు.

అప్పట్నించీ మిషన్ నాకు దొరకట్లేదండి. బడికెళ్తూ బ్యాటరీ మూత తీసి బ్యాటరీ జేబులో పెట్టుకెళ్ళాడు. కాజా గారూ, ఆ ఫోన్ ఎమ్యులేటర్ సంగతేదో ఒకసారి చెప్తారా?

కాకినాడ_కాజా | గురువారం, ఉదయం 7:21

😎 రండి బాసూ, రండి. నిర్వాహకుడు గారూ, లింకు పెట్టట్లేదు, ఫోన్ చేసి చెప్తున్నా.